ఖాళీ ఫోల్డరు ఎవరిది?

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం అంటే కొత్తవి పెట్టడం అనుకుంటారు. నేనూ అనుకున్నాను. విశాఖపట్నంలో డిగ్రీ చదివి, నాన్న ఇనుప గనిలో పనిచేసే కిరండూల్‌కు తిరిగొచ్చి, గీదం దగ్గరి ఓ ధర్మాసుపత్రిలో చేరినప్పుడు నాకు కొత్త ప్రోగ్రాములు ఎక్కించడం తప్ప ఇంకేమీ తెలియదు. అసలు పని తీసేయడం అని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎక్కించినది పనిచేయకపోతే అదే నిమిషంలో తెలుస్తుంది, పదిమంది వచ్చి మీ కుర్చీ చుట్టూ నిలబడతారు. తీసేసినది అవసరమైందని మాత్రం అప్పుడే తెలియదు. ఏ నెలకో తెలుస్తుంది, ఒక్కోసారి ఎవరి ప్రాణం మీదకో వచ్చాక తెలుస్తుంది. ఆ మధ్య కాలమంతా తెర మీద అన్నీ బాగున్నట్టే ఉంటుంది. నాకు భయం అక్కడే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఏమైనా రాసివ్వమన్నారు. నా ప్రమోషన్ల సంగతి మీకు అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తు లేవు. భయపడటం గురించి రాస్తాను. ఈ పనిలో భయం లేనివాడి చేతికి మౌసు ఇవ్వకూడదని నా అభిప్రాయం. దీని మీద వాదించాలనుకునేవాళ్లు వాదించవచ్చు, నాకు ఇప్పుడు బోలెడు ఖాళీ.

అన్నిటికీ ‘సరే’ నొక్కే మనిషి

మా పరిపాలనాధికారి రామలింగం గారిది గోదావరి వైపు. చెడ్డ మనిషి కాదు, తొందర మనిషి. కంప్యూటరు ఏదైనా అడిగితే ఆయనకు అవమానంగా ఉండేది. తన గుమాస్తా తనకే ఎదురు ప్రశ్న వేసినట్టు చూసేవారు.

ఒకసారి మందుల కొట్టులోని పాత ప్రోగ్రాము తీసేస్తున్నాను. మధ్యలో తెర మీద హెచ్చరిక వచ్చింది: ఈ ఫైలును వేరే ప్రోగ్రాములు కూడా వాడుతూ ఉండవచ్చు, తీసేయమంటారా? నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన నా భుజం మీదుగా వంగి, "ఏంటమ్మా దానితో మాటలు! అన్నిటికీ సరే అను, పోతుంది" అని తానే నొక్కేశారు.

ఆ మధ్యాహ్నం ఎక్స్‌రే గదిలో ప్రింటరు ఆగిపోయింది. మందుల కొట్టుకూ ఎక్స్‌రేకూ ఏం సంబంధం అని ఆయన నన్నే అడిగారు.

"మీకూ నాకూ ఏం సంబంధం సార్? ఒకే జీతాల రిజిస్టరు. అలాగే వాటికీ ఒకే ఫైలు" అన్నాను.

"నీ నోటికి నేను భయపడాలమ్మా" అన్నారు.

"దానికొద్దు సార్. ఆ గళ్లో వచ్చిన ప్రశ్నకు భయపడండి."

ఆయన నవ్వారు, భయపడలేదు. ప్రింటరును నేను సాయంత్రానికి బాగుచేశాను కాబట్టి భయపడాల్సిన అవసరం ఆయనకు రాలేదు. మనం చక్కదిద్దిన ప్రతి తప్పూ పై అధికారికి తప్పులా కనిపించకుండా పోతుంది. ఇది గుర్తుంచుకోండి.

సంత పేరుతో ఫోల్డర్లు

తర్వాతి సంగతి అర్థం కావాలంటే మా ఆసుపత్రి పద్ధతి ఒకటి చెప్పాలి. ఇక్కడ చాలా ఇళ్లలో పిల్లలకు పుట్టిన వారం పేరు పెడతారు. సోమవారం పుడితే సోమారు, బుధవారం పుడితే బుధ్రామ్, ఆడపిల్లయితే బుధ్రి. ఒక్క వరుసలో ముగ్గురు బుధ్రిలు కూర్చుని ఉంటారు. ఊరి పేరు అడిగితే ఆ పేరుతోనూ మూడు ఊళ్లుంటాయి. అందుకని మా వాళ్లు ఎప్పటి నుంచో మనిషిని సంతను బట్టి గుర్తుపెట్టుకుంటారు. గీదం సంత బుధ్రి, తోంగ్‌పాల్ సంత బుధ్రి. ఎవరు ఏ సంతకు వస్తారన్నది మారదు.

మా వైద్య వ్యాను కూడా సంతలకే వెళ్లేది. నర్సు కన్నమ్మ గర్భిణులకు వేలి మీద సూది గుచ్చి రక్తం మిషన్లో పెట్టేది. ఫలితం, పేరు, ఫొటోతో సహా వ్యానులోని లాప్‌టాప్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ఫైలుగా చేరేది. రక్తం ప్రమాదకరంగా తక్కువుంటే ఆ వరుస పక్కన ఎర్ర గీత పడేది. వ్యాను తిరిగొచ్చి ఆసుపత్రి గేటు దాటగానే లాప్‌టాప్ ఆ ఫైళ్లన్నిటినీ ఆసుపత్రి పెద్ద కంప్యూటరులో, రికార్డుల ప్రోగ్రాము కింద ఆ సంత పేరున్న ఫోల్డరులోకి తరలించేది. అక్కడి నుంచి డాక్టరు తెర మీదకు వెళ్లేవి. వెళ్లగానే ఫోల్డరు మళ్లీ ఖాళీ.

అంటే మా సంత ఫోల్డర్లు ఎప్పుడు తెరిచి చూసినా ఖాళీగానే కనిపించేవి. వాటిలో ఒకటి ‘నదీపార్’. ఇంద్రావతి అవతలి సంత. అక్కడికి వంతెన లేదు. వానలు మొదలైతే పడవ ఆగిపోతుంది, సంత ఆగిపోతుంది, ఆ ఫోల్డరులోకి నెలల తరబడి ఏదీ రాదు.

శుభ్రంగా చేసిన పని

వానాకాలం మధ్యలో పాత రికార్డుల ప్రోగ్రాము తీసేసి కొత్తది పెట్టాలన్నారు. రాయపూర్ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. చక్కటి చొక్కా, చక్కటి హిందీ. పాత ప్రోగ్రాము ఫోల్డరును మొత్తంగా చెరిపేద్దామన్నాడు.

నేను అడ్డం పడ్డాను. ఆ ఫోల్డరులో ప్రోగ్రాము పెట్టుకున్న ఫైళ్లే కాదు, మా మనుషులు పెట్టుకున్నవీ ఉన్నాయి. ఎక్స్‌రే ఫొటోలు, పాత రోగుల ఫొటోలు, ఎవరివో సెలవు చీటీలు. ప్రోగ్రాము ఎక్కేటప్పుడు ఏయే ఫైళ్లు తెచ్చిందో వాటినే తీయాలి. అది తెచ్చినవాటిలోనూ, తెచ్చాక ఎవరైనా మార్చినవి ఉంటే ఆగి చూడాలి. మిగిలిన ప్రతిదాని ముందూ నిలబడి ‘ఇది ఎవరిది?’ అని అడగాలి. జవాబు రాకపోతే ముట్టుకోకూడదు.

"మేడం, ఇలా అయితే కచరా అంతా ఉండిపోతుంది" అన్నాడు అతను.

"ఉండనీ నాయనా. చెత్త ఉన్నందుకు ఎవరూ చావలేదు."

రామలింగం గారు గడియారం చూసుకున్నారు. చివరికి నా మాటే నెగ్గింది. ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా చూసి, మావి పక్కకు తీసి, ప్రోగ్రామువి మాత్రం తొలగించాము. నాకు గొప్పగా అనిపించింది. ఆ పూట నేను తృప్తిగా అన్నం తిన్నాను.

నేను తింటుండగా ఆ ఇంజినీరు తన పని ముగించాడు. ముగించే ముందు శుభ్రత కోసం ఒక గడిలో టిక్కు పెట్టాడు: ఖాళీ ఫోల్డర్లు తీసేయి. ఫైళ్ల గురించి అంత గొడవ పడిన నేను ఎదురుగా ఉన్నా అడ్డుపడేదాన్నో లేదో చెప్పలేను. ఖాళీది పోతే ఏం పోతుంది?

గీదం, తోంగ్‌పాల్ లాంటి సంతల ఫోల్డర్లు పాత ప్రోగ్రాము ఆపిన రోజుల్లో వచ్చిన రిపోర్టులు ఇంకా తెర మీదకు వెళ్లక ఖాళీగా లేవు, బతికిపోయాయి. ‘నదీపార్’ ఒక్కటే పోయింది.

ఎర్ర గీత

కొన్నాళ్లకు వానలు తెరిపి ఇచ్చాయి. నది కాస్త తగ్గింది. పడవవాడు వస్తానన్నాడు. కన్నమ్మ లాప్‌టాప్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని అవతలికి వెళ్లి పరీక్షలు చేసి వచ్చింది. మర్నాడు పొద్దున నా గది గుమ్మంలో నిలబడింది. ఆమెది కోంటా వైపు. దోర్లీ, గోండీ, తెలుగు, హిందీ ఒకే ఊపిరిలో మాట్లాడుతుంది.

"అక్కా, ఆ ఎర్ర గీత ఆమెకు కబురు పెట్టిన్రా?"

"ఏ ఎర్ర గీత?"

"ఏందక్కా గట్ల అడుగుతవ్! నిన్న నదీపార్‌ల. మబ్బు కమ్మిందని పడవోడు ఒకటే కేకలు. లాప్‌టాప్ మూసేటప్పుడు ఎర్ర గీత చూసిన. పేరు చూడలే. డాక్టరు సాబ్ ఎట్లాగూ చూస్తడు గదా అనుకున్న."

నేను డాక్టరు గదిలోకి వెళ్లాను. ఆయన తెర మీద నిన్నటి తేదీకి నదీపార్ నుంచి ఏమీ లేదు. ‘నిన్న వ్యాను వెళ్లలేదనుకున్నానే’ అన్నారాయన.

పెద్ద కంప్యూటరు తెరిచాను. ఫోల్డరు ఉండాల్సిన చోట ఫోల్డరు లేదు. దాని స్థానంలో ‘నదీపార్’ అనే పేరుతో ఒకే ఒక్క ఫైలు ఉంది. తెరిస్తే అందులో ఒక్క అమ్మాయి రిపోర్టు ఉంది. ఆమె రక్తం బాగానే ఉంది. కన్నమ్మ మాత్రం సంతలో తన బల్ల ముందు వరుస చింతపండు బుట్టల దాకా ఉందని చెబుతోంది.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. ఫైళ్లను తరలించే ఆజ్ఞను నాకంటే ముందు పనిచేసినవాళ్లెవరో రాశారు. దానికి తెలిసింది ఒక్కటే: ఈ ఫైలును ‘నదీపార్’కు పంపు. ఆ పేరుతో ఫోల్డరు ఉంటే ఫైలు లోపలికి వెళ్తుంది. ఫోల్డరు లేకపోతే, ఫైలుకే ఆ పేరు పెట్టమంటున్నారు అనుకుంటుంది. మొదటి అమ్మాయి రిపోర్టు ‘నదీపార్’ అయింది. రెండో అమ్మాయిది వచ్చి, అదే పేరు పెట్టుకుని, మొదటిదాన్ని చెరిపేసి దాని చోట కూర్చుంది. మూడోది రెండోదాన్ని చెరిపింది. వరుసలోని ప్రతి ఆడమనిషినీ ఆమె వెనకున్న ఆడమనిషి తుడిచేసింది. ఆఖరున ఉన్న ఆమె మాత్రం మిగిలింది. ఒక్క హెచ్చరిక లేదు, ఒక్క కూత లేదు.

లాప్‌టాప్ మీద కూర్చున్నాను

ఫైలు తీసేసినంత మాత్రాన డిస్కు మీది నుంచి వెంటనే పోదు. దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది. ఇంకోటి వచ్చి ఆ చోట కూర్చునే దాకా అది అక్కడే ఉంటుంది. కాబట్టి ఏదైనా పోయిందని తెలిసిన క్షణం నుంచి ఆ యంత్రం మీద ఏ పనీ చేయకూడదు, ఆన్ కూడా చేయకూడదు. వ్యాను లాప్‌టాప్ నుంచి వెళ్లిన రిపోర్టులు దాని డిస్కు మీద ఇంకా ఉండవచ్చు.

గ్యారేజీకి పరుగెత్తాను. వ్యాను ఇంకో సంతకు బయలుదేరబోతోంది. లాప్‌టాప్ తీసుకుని కుర్చీలో పెట్టి దాని మీద కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నాను. నా వెనకే రామలింగం గారు వచ్చారు.

"లేమ్మా! వ్యాను వెళ్లాలి."

"వెళ్లనివ్వండి. లాప్‌టాప్ రాదు."

"ఖాళీ ఫోల్డరు ఒకటి పోయిందని ఇంత గోలా? ఇంకోటి చేయి, అయిపోద్ది."

"ఫోల్డరు చేస్తాను సార్, అర నిమిషం పని. అవతల రక్తం లేని గర్భిణి ఒకామె ఉంది. ఆమెను మీరు చేస్తారా?"

ఆయన నా వంక చూశారు. నా వెంటే వచ్చిన కన్నమ్మ కళ్ల నిండా నీళ్లున్నాయి. ఆయన మెల్లగా, "ఎన్నో నెల?" అన్నారు. తెలియదన్నాను. పేరు? తెలియదు. ఊరు? తెలియదు. అన్నిటికీ సరే అనే మనిషి మొదటిసారి, వ్యాను వద్దని డ్రైవరుకు చెయ్యి ఊపారు.

ఆ లాప్‌టాప్ ముసలిదని, కొత్తది కొనమని నేనెన్నిసార్లు ఆయనతో తగువు పడ్డానో లెక్క లేదు. ఆయన కొనలేదు. కొత్త రకం డిస్కులు చెరిపినదాన్ని తామే తుడిచేసుకుంటాయి. పాత గిరగిరా తిరిగే డిస్కు కాబట్టే ఆశ మిగిలింది. ఈ ఒక్క తగువులో ఓడినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

డిస్కు విప్పి, దాని మీద ఏదీ రాయకుండా చదవడానికి మాత్రమే ఇంకో కంప్యూటరుకు తగిలించాను. పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాము ఒక్కొక్కటిగా బయటికి తీయసాగింది. ఫైళ్ల పేర్లు పోయాయి, లోపలి ముఖాలు వచ్చాయి. ముక్కుపుడక, చెవుల నిండా రింగులు, ఒకామె చంకలో పిల్లవాడు. ప్రతి ముఖం తెరుచుకుంటున్నప్పుడు పక్కన ఎర్ర గీత ఉంటుందేమోనని చూశాను. లేదు. తర్వాతది, అందులోనూ లేదు. బాగున్నవాళ్లందరూ వచ్చారు. ఎర్ర గీత మనిషి రాలేదు.

ఆఖరున ఒక ఫైలు తెరిస్తే అందులో పాట ఉంది. డ్రైవరు ఆ సాయంత్రం లాప్‌టాప్‌లోకి పెళ్లి పాటలు ఎక్కించుకున్నాడు. ఆ పాట కింద ఉన్న చోటులోనే ఆమె ఉండేది.

మిగిలిన మనిషి

ముఖాలన్నీ అచ్చు తీసుకుని కన్నమ్మా నేనూ నదికి వెళ్లాం. అవతల కొండల మీద మబ్బు నల్లగా దిగింది. పడవవాడు నీళ్లలోకి గడ పెట్టి చూసి, కన్నమ్మతో గోండీలో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగాను.

"పోవుడు తన చేతిల ఉన్నదంట, వచ్చుడు నది చేతిల ఉన్నదంట" అంది.

నాకు ఈత రాదు. పడవ అంచును పట్టుకున్న చేతి గుర్తు నా అరచేతిలో సాయంత్రం దాకా ఉంది.

సంత జరిగే చోట ఉన్న రేకుల పాక కింద ఆడవాళ్లను రమ్మని కన్నమ్మ కబురంపింది. మేము వెతకాల్సింది మా దగ్గర ఫొటో లేని మనిషిని. ఫొటో ఉన్నవాళ్లను ఒక్కొక్కరిని పిలిచి అటు పక్కకు పంపితే, ఇటు మిగిలే ఆమె మా మనిషి. ఆ సంతలో నేను చేసింది కూడా ప్రోగ్రాము తీసేటప్పుడు చేసే పనే. లెక్కలో ఉన్నవాటిని పక్కకు తీసి, మిగిలినది ఎవరని అడగడం.

వాళ్లకు మాత్రం అది తమాషాగా ఉంది. తమ ఫొటోలు చూసుకుని పగలబడి నవ్వారు. ఒకామె నా వైపు చెయ్యి చూపించి ఏదో అంది, అందరూ ఇంకా నవ్వారు.

"ఏమంటోంది?"

"ఇంత లావు మేడంను పడవ ఎట్ల మోసిందని అడుగుతున్నది అక్కా."

ఒక్కొక్కరూ అటు వెళ్లారు. బుధ్రి అని పిలిస్తే ముగ్గురు లేచారు, ముగ్గురి ఫొటోలూ ఉన్నాయి, ముగ్గురూ వెళ్లారు. చివరికి ఇటు పక్క ఎవరూ మిగల్లేదు.

నేల ఖాళీగా ఉంది. రేకు మీద మొదటి చినుకులు పడ్డాయి. పడవవాడు కేక వేశాడు. కన్నమ్మ కాగితాలు సంచిలో పెట్టబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఖాళీగా కనిపించిన చోటును చూసి అయిపోయిందనుకున్నందుకే మేమిద్దరం ఇక్కడ నిలబడి ఉన్నాం.

"అడుగు కన్నమ్మా. ఆ రోజు సూది వేయించుకుని ఇవాళ రానిది ఎవరని అడుగు."

నవ్వు ఆగింది. ఆ ముగ్గురు బుధ్రిలలో ఒకామె, "మా తోటికోడలు" అంది. సూది వేయించుకుని ఇంటికి వచ్చినప్పటి నుంచి లేవడం లేదట. కాళ్లు వాచాయట. నెలలు నిండాయట. ఆమె పేరు కూడా బుధ్రే. ముఖాలు చూడకుండా పేర్లు చూసుకుని ఉంటే, ఆమె కూడా లెక్కలో ఉన్నట్టే వెనక్కి వచ్చేసేవాళ్లం.

ఇంటికి వెళ్లాం. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. కన్నమ్మ కింది రెప్ప లాగి చూసి నాకు చూపించింది. లోపల ఎరుపు అన్నదే లేదు, కాగితంలా తెల్లగా ఉంది. మంచం మీద మోసుకొచ్చి పడవలో పెట్టారు. అప్పటికి నీళ్లు మేము దిగిన రాయిని ముంచేశాయి. పడవ మధ్యలో ఒకసారి పక్కకు తిరిగిపోయింది. కన్నమ్మ ఆమె తలను ఒళ్లో పెట్టుకుని మాట్లాడిస్తూనే ఉంది. ఆమె జవాబులు ఆగినప్పుడల్లా నేను ఆమె అరచేతులు రుద్దాను. మేము ఒడ్డు చేరాక పడవవాడు పడవను పైకి లాగి చెట్టుకు కట్టేశాడు. ఆ తర్వాత చాలా రోజులు ఎవరూ దాటలేదు.

ఆమె రక్తానికి సరిపోయింది వ్యాను డ్రైవరుది. చెయ్యి చాచి పడుకుని, తన పెళ్లి పాటలు లాప్‌టాప్‌లో కనపడటం లేదని నాతో ఫిర్యాదు చేశాడు. పాటల సంగతి అతనికి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె బతికింది. బిడ్డ శనివారం పుట్టింది, పేరు మీరే ఊహించుకోండి.

ఇంజినీరుకు ఫోను చేశాను. "మేడం, ఖాళీ హీ తో థా" అన్నాడు. ఖాళీగానే కదా ఉంది. నాకు తెలిసిన తిట్లన్నీ నాలుక చివర ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు, ఎందుకంటే అతను అబద్ధం చెప్పడం లేదు.

భయం పోయిన రోజు

అప్పటి నుంచి నా ఆధీనంలోని ప్రతి ఖాళీ ఫోల్డరులో ఒక చిన్న ఫైలు పెట్టాను. ఇది ఎవరిది, ఇందులోకి ఏం వస్తుంది, తీయాలంటే ఎవరిని అడగాలి. మీరూ పెట్టండి. పనికి రాదనుకున్న ఫోల్డరును చెరపకండి, ముందు పేరు మార్చి ఒక పూర్తి ఏడాది ఆగండి. ఏడాదే ఎందుకంటే, ఇక్కడ కొన్ని దారులు ఏడాదిలో కొద్ది నెలలే తెరుచుకుంటాయి.

రిటైరు కావడానికి ఇంకా ఏళ్లుండగానే ఎందుకు మానేశావని అందరూ అడుగుతారు. ఒకరోజు ఏదో పాత ప్రోగ్రాము తీసేస్తూ, హెచ్చరిక చదవకుండానే ‘సరే’ నొక్కాను. ఏమీ కాలేదు. నొక్కేటప్పుడు నాకు భయమే వేయలేదని ఆ తర్వాత తెలిసింది. రామలింగం గారి వేలు నా చేతికి మొలిచింది. ఆ వారమే రాజీనామా ఇచ్చాను.

భయం మాత్రం ఇంటికి వచ్చేసరికి మళ్లీ దొరికింది. ఇప్పటికీ వానలు తెరిపి ఇచ్చి, నది తగ్గిందని తెలియగానే కన్నమ్మకు ఫోను చేస్తాను. పెద్ద కంప్యూటరులో చూసి చెప్పమంటాను.

"ఉన్నదక్కా నీ నదీపార్. ఏడికి పోతది? ఖాళీగనే ఉన్నది. నువ్వు పోయి అన్నం తిను."

తింటాను, ముందు లోపలి ఫైలు తెరిచి చదవమంటాను. ఆమె విసుక్కుంటూనే చదువుతుంది. మామూలు వివరాల కింద నేను రాసి పెట్టింది రెండే వాక్యాలు:

"ఇది ఖాళీగా కనిపిస్తుంది. నది తగ్గాక ఇందులోకి మనుషులు వస్తారు."